మంచుమీది మొనగాడు

మమతారాణి తన ఇరవయ్యేడేళ్ళ జీవితంలో మంచుగడ్డను రెండే చోట్ల చూసింది. ఒకటి చెరుకురసం బండి మీద, రెండోది చేపల మార్కెట్లో. అయినా మంచుమీద జారుతూ పిడిగుద్దులు గుద్దుకున్న మనుషుల్లో మొనగాడెవరన్న సంగతి మీద ఆమెతో వాదానికి దిగగలిగినవాడు కరీంనగర్ మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. అతని పేరు అమిత్. ఆమె పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. రెండేళ్ళుగా ఆమె ప్రాణం తీస్తున్నాడు.

మంకమ్మతోటలో ఒక రక్తపరీక్షల కేంద్రం పైన, మూడో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. కెనడా, అమెరికాల్లో ఐస్ హాకీ అంటే పడిచచ్చేవాళ్ళ కోసం నడిచే ఒక వెబ్‌సైటు వీళ్ళకు పని అప్పగించింది. అక్కడి జనం ఆ సైటులో రాసే రాతలన్నీ చదవాలి. బూతులుంటే తీసేయాలి, బెదిరింపులుంటే ఆపేయాలి, మిగతావి వదిలేయాలి. అక్కడ రాత్రి ఆటలు ముగిసి జనం కంప్యూటర్ల ముందు లొల్లికి కూర్చునే వేళకు ఇక్కడ పొద్దున ఎనిమిదవుతుంది. మమత సిరిసిల్ల నుంచి మొదటి బస్సుల్లో ఏదో ఒకటి పట్టుకుని ఆ వేళకు వచ్చి కూర్చుంటుంది.

పనిలో చేరిన కొత్తలో ఆమెకు ఆ ఆట తలా తోకా తెలియలేదు. చదవగా చదవగా తెలిసింది. ఐస్ హాకీలో కొట్లాట తప్పే, కానీ ఆటలో కలిసిపోయిన తప్పు. ఇద్దరు ఆటగాళ్ళు చేతితొడుగులు కింద పారేసి, ఒకరి అంగీ ఒకరు ఒడిసిపట్టుకుని గుద్దుకుంటారు. ఒకడు కింద పడగానే రిఫరీలు వచ్చి విడదీస్తారు. ఇద్దరినీ తలా ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెడతారు. తర్వాత ఆట మామూలే. ఒకప్పుడైతే ప్రతి జట్టూ ఇందుకోసమే ఒక మనిషిని పెట్టుకునేది. తమ జట్టులో బాగా ఆడేవాడి జోలికి ఎవడైనా వస్తే ఈ మనిషి వెళ్ళి జవాబు చెప్పాలి. అతని ఉద్యోగమే అది.

ఆ ఉద్యోగం చేసినవాళ్ళలో అందరికంటే గట్టివాడెవడు? ఈ ప్రశ్న మీద ఆ సైటులో పదిహేనేళ్ళుగా చర్చ నడుస్తోంది. నలభైవేల రాతలు. మమత అన్నీ చదివింది. అమిత్ కూడా చదివానంటాడు కానీ, సగం చదివి మిగతా సగం లెక్క కట్టి ఉంటాడని ఆమె అనుమానం.

ఆ సోమవారం మేనేజర్ సంతోష్‌రావు తన అద్దాల గదిలోంచి బయటికొచ్చి ఇద్దరి కుర్చీల వెనక నిలబడ్డాడు. అమిత్‌కు ఆయన మేనమామ. ఆఫీసు లోపల సార్, మెట్ల మీద మామ.

“వాళ్ళకు ఒక లిస్టు కావాల్నట. చరిత్రల అందరికన్న గట్టి కొట్లాటగాళ్ళు, పదిమంది. ఒక్కొక్కని కింద నాలుగు లైన్లు రాయాలె. మీ ఇద్దరికంటె ఎక్కువ ఎవలు చదివిండ్రు? శుక్రవారం పంపాలె. ఇద్దరు ఒక్క మాట మీద ఉండుండ్రి, నాకు పంచాది పెట్టకుండ్రి.”

మమత గుండె నిండింది. రెండేళ్ళుగా ఇతరుల రాతలు తీసేయడమే తప్ప, తను ఒక్క ముక్క రాసింది లేదు. పనివాళ్ళు ఆ సైటులో రాయకూడదన్నది మొదటి నిబంధన. ఇప్పుడు వాళ్ళే రాయమంటున్నారు.

సంతోష్‌రావు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడో లేదో, అమిత్ కుర్చీ ఇటు తిప్పాడు.

“డోమీ. మూడువందల ముప్పై కొట్లాటలు. ఎవ్వనికన్న ఉన్నయా గన్ని? లేవు. అయిపోయింది, రాసుకో.”

“గన్ని కొట్లాడితే మొనగాడు ఐతడా? మా వాడల చింటూగాడు దినాం కొట్లాడ్తడు.”

“చింటూ ఐదడుగుల పది ఇంచులుండి, ఆరున్నర అడుగులోళ్ళ మీదికి పోయిండా?”

“పోయిండు. వాడు రెండో తరగతి, ఐదో తరగతోళ్ళ మీదికి పోతడు.”

ఎదుటి బల్ల దగ్గర వేరే పని చూసుకునే కావ్య కిసుక్కుమంది. అమిత్ ఆమె వైపు ఒక చూపు చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. మమత చేయెత్తి ఆపింది.

“నువ్వే చెప్పు అమిత్. తొంభైరెండుల న్యూయార్క్‌ల డోమీ ఏం చేసిండు? ప్రోబర్ట్‌తోని కొట్లాట అయిపోంగనే, నడుముకు బెల్టు కట్టుకున్నట్టు యాక్షన్ చేసిండు. ఛాంపియన్ బెల్టు ఇగ నాదే అన్నట్టు. అంటే అప్పటిదాక గా బెల్టు ఎవ్వని నడుముకున్నట్టు?”

ఆమె ఓటు ప్రోబర్ట్‌కేనని ఎరిగిన అమిత్ కుర్చీని మళ్ళీ తెర వైపు తిప్పాడు.

“ఎవని దగ్గరికి అందరు వస్తరో గాయన మొనగాడు. అందరి దగ్గరికి పోయెటోడు కాదు.”

“గది నీ అభిప్రాయం. నా దగ్గర లెక్క ఉన్నది.”

నిజంగానే లెక్క తయారుచేశాడు. మంగళవారం పొద్దున్నకు అతని కంప్యూటర్లో అరవై మూడు పేర్లతో ఒక పట్టిక వెలిసింది. ఎన్ని కొట్లాటలు, చూసినవాళ్ళ ఓట్ల ప్రకారం ఎన్ని గెలుపులు, ఎన్ని నిమిషాల శిక్ష, ఎత్తెంత, బరువెంత. అన్నీ కలిపి ఒక మార్కు. డోమీకి తొంభైనాలుగు. ప్రోబర్ట్‌కు తొంభైరెండున్నర.

“ఇందుల గోల్స్ ఏవి?” అంది మమత.

“కొట్లాటగాళ్ళ లిస్టుల గోల్స్ ఎందుకు?”

“ఒక్క సీజన్ల మూడువందల తొంభైఎనిమిది నిమిషాలు శిక్షల కూసున్నడు ప్రోబర్ట్. గదే సీజన్ల ఇరవైతొమ్మిది గోల్స్ కొట్టిండు. కొట్లాట తప్ప ఏం రాదనెటోనికి కొట్లాటకు దిగుడు అలకన. ఆట వచ్చినోడు, ఆట ఇడిసిపెట్టి దోస్తుల కోసం దెబ్బలు తినుడే కష్టం. నీ పట్టికల గా కష్టానికి గడి ఉన్నదా?”

“ఏడ్చెటోళ్ళకు మార్కులేసే గడి లేదు మమతా.”

“ఒక్క మ్యాచన్న సాంతం చూసినవా నువ్వు?”

“నువ్వు చూసినవా?”

ఇద్దరూ చూడలేదు. చిన్న చిన్న వీడియోలు, ఒక్కొక్కటి నిమిషమో నిమిషంన్నరో, వందలకొద్దీ చూశారు. మొత్తం ఆట చూసే తీరిక ఎవరికుంది? ఇద్దరికీ ఒకేసారి చిన్నతనమనిపించింది. ఆ చిన్నతనం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పేటప్పటికి మాటలు బంద్. సాయంత్రం నాలుగుకు మళ్ళీ మొదలు. కావ్య చెవుల్లోంచి హెడ్‌ఫోన్ తీసి, “చేతితొడుగులు పారేసి తేల్చుకోండ్రి ఇగ. నేను విడదీస్త,” అంది.

బుధవారం సాయంత్రానికి మూడు నుంచి పది దాకా పేర్లు కుదిరాయి. మొదటి రెండు స్థానాలు కుదరలేదు. ఎనిమిదో పేరు కింద రాయాల్సిన నాలుగు వాక్యాలు కూడా కుదరలేదు.

ఎనిమిదో పేరు బూగార్డ్. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. అతనితో గుద్దులాటంటే ఎదుటివాళ్ళకు ముందురోజు నిద్రపట్టేది కాదని సైటులో ఎందరో రాశారు. అమిత్ అదే రాశాడు. మమత దానికింద రెండు వాక్యాలు చేర్చింది. ఇరవయ్యెనిమిదేళ్ళకే చనిపోయాడని ఒకటి. చనిపోయాక మెదడును పరీక్షిస్తే, తలకు పదేపదే తగిలిన దెబ్బలతో వచ్చే జబ్బు బయటపడిందని రెండోది.

“లిస్టు ఇది. జనం చాయ్ తాగుకుంట చదివేది. చావు ముచ్చట ఎందుకు పెడ్తవ్?” అన్నాడు అమిత్.

“చదువుతరనే పెడ్తున్న.”

“ఎవ్వరికి వద్దు గిది.”

“నాకు కావాలె.”

ఆమెకు ఎందుకు కావాలో అమిత్‌కు తెలుసు. చనిపోయిన ఆటగాళ్ళ మీద వెకిలి రాతలు రాసేవాళ్ళు ఆ సైటులో ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. బూతు ఒక్కటీ ఉండదు, చదివితే మాత్రం మనిషన్నవాడు రాసేది కాదనిపిస్తుంది. నిబంధనల పుస్తకంలో బూతులు పదకొండు రకాలున్నాయి, చనిపోయినవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. పోయిన నెల మమత అలాంటివి ఇరవైమూడు తీసేసింది. సంతోష్‌రావు పిలిచి, “రూల్ల లేనిది తీసుడు నీ సొంత కాన్గీ యవ్వారమా?” అని అందరి ముందూ నిలదీశాడు. తీసిన ఇరవైమూడూ ఆమె చేతే వెనక్కి పెట్టించాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆమె తల దిమ్ముగా ఉంది. తండ్రి పర్శరాములు అప్పుడే సాంచల షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ముప్పైఎనిమిదేళ్ళు మరమగ్గాల మోతలో పనిచేసిన చెవులు. ఏ మాటైనా ఇంట్లో రెండుసార్లు, మూడోసారి అరుపుగా చెప్పాలి. తల్లి కనకవ్వ చిక్కుడుకాయల నారలు తీస్తోంది.

మమత ఫోన్ తీసుకుని తండ్రి పక్కన కూర్చుంది. ఈ వీడియోలకు చెవులతో పనిలేదు. డోమీ, ప్రోబర్ట్ కొట్లాటలు రెండూ చూపించింది. పర్శరాములు కళ్ళజోడు పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, కన్నార్పకుండా చూశాడు.

“పడ్డంక కొడ్తరా?” అని అడిగాడు.

“కొట్టరు బాపూ. పడంగనే ఆపుతరు.”

“అయితే మంచోళ్ళే.”

“ఇద్దరిల ఎవలు గట్టోళ్ళు? గీ పొట్టాయన మూడువందల సార్లు కొట్లాడిండు. గా పొడుగాయన దగ్గరికి అందరు వెతుక్కుంట వచ్చెటోళ్ళు.”

వయసులో ఉన్నప్పుడు ఆయన జాతర కుస్తీలకు పోయినవాడే. “మా దిక్కు కుస్తీల ఇనాములు టెంకాయ కాడ మొదలయ్యి వెండి కడెం కాడ ఆగేటియి. టెంకాయ కుస్తీలోడు పొద్దంత పది పట్టేటోడు. కడెం కుస్తీకి వచ్చినాయన మూలకు కూసునేటోడు. ఆఖరికి ఒక్కటే పట్టేటోడు.”

“గదే బాపూ! గదే నేను మొత్తుకునేది!” మమత సంతోషంతో ఆయన భుజం కుదిపింది. “అంటే పొడుగాయననే గద?”

“ఆఁ?”

“పొడుగాయననే గదా అంటున్న!”

పర్శరాములు ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాడు. వీడియో చివర్లో ఇద్దరి మధ్యకు దూరిన రిఫరీల మీద వేలు పెట్టాడు. “గీ చారల అంగీలోళ్ళు ఎవలు? వట్టి చేతులతోని ఇద్దరి నడుమల చొరవడ్డరు. గింతంత మనుషులు గుద్దుకుంటుంటే వీళ్ళకు ఎన్ని తలుగుతయో. నన్నడిగితే వీళ్ళే గట్టోళ్ళు బిడ్డా.”

“వాళ్ళు లిస్టుల లేరు బాపూ!”

“లేకుంటే పెట్టు.”

“పెట్టరాదు! వాళ్ళు ఆటగాళ్ళు కాదు!”

“మల్ల నన్నెందుకు అడిగినవ్?” అన్నాడాయన నొచ్చుకుని. కనకవ్వ చిక్కుడుకాయల జల్లెడ ఊగేలా నవ్వింది. మమత ఫోన్ లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంట్లోనూ గెలవలేని వాదం ఆఫీసులో ఎలా గెలుస్తుంది?

అన్నం తిన్నాక కూర్చుని, ప్రోబర్ట్ ఎందుకు మొదటివాడో ఒక పేజీ రాసుకుంది. కడెం కుస్తీ మాట కూడా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తంటాలు పడి రాసింది. రేపు అమిత్ నోరెత్తడనుకుంది.

గురువారం బస్సు కొత్తపల్లి చేరకముందే ఆగిపోయింది. ఇంజన్లోంచి పొగ. ఉచితంగా పోయే జీరో టికెట్ల ఆడవాళ్ళు ఎనభైమంది రోడ్డు మీద దిగారు. వెనక వచ్చిన బస్సు కిక్కిరిసి ఉండి ఆగలేదు. ఆ వెనకది ఆగింది కానీ, మమత ఫుట్‌బోర్డు దాకా వెళ్ళేలోపు నిండిపోయింది. మూడో బస్సులో ఒంటికాలి మీద నిలబడి, సంచీని పొట్టకు అదుముకుని, పది నలభైకి ఆఫీసు మెట్లెక్కింది.

అమిత్ ఆమె ముఖంలోకి చూడలేదు. అప్పుడే ఆమెకు అర్థమైంది.

“పంపినవా?”

“పొద్దుగాలనే మెయిల్ వచ్చింది. శుక్రవారం కాదు, ఇయ్యాల్నే కావాల్నన్నరు. మామ గడియకోసారి వచ్చి నెత్తి మీద నిలబడ్డడు. నీకు ఫోన్ చేసిన, ఎత్తలే.”

“అబద్ధం.”

“చూస్కో.”

సంచీ అడుగు నుంచి ఫోన్ తీసి చూసింది. మూడు మిస్డ్ కాల్స్. ఎనిమిదీ పదికి, ఎనిమిదీ ఇరవైకి, తొమ్మిదింటికి. రోడ్డు మీది గోలలో వినపడలేదు. కోపం రావడానికి కూడా పూర్తి హక్కు లేకుండా పోయిందే అని ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

“మొదట ఎవరిని పెట్టినవ్?”

“డోమీ.”

“ఎనిమిదోదానికింద నావి రెండు లైన్లు?”

అమిత్ మౌస్‌ను అటూ ఇటూ జరిపాడు. “మామ తీసెయ్యమన్నడు.”

మమత నేరుగా అద్దాల గదిలోకి వెళ్ళింది. సంతోష్‌రావు ఫోన్లో ఎవరితోనో కొండగట్టుకు పోయే కారు గురించి మాట్లాడుతున్నాడు. ఆమెను నిలబెట్టి, మాట ముగించి, అప్పుడు తలెత్తాడు.

“సార్, మేమిద్దరం ఒక మాట మీదికి రాకముందే పంపిండ్రు. ఇంకోటి పంపుదాం సార్, మార్చి.”

“మీరు ఒక మాట మీదికి వచ్చేదాక ఆగితే వచ్చే ఏడు పంపాలె. ఎవడు మొదలుంటే ఏంది, ఎవడు రెండోదుంటే ఏంది? వాళ్ళు మనకు సుట్టాలా? నీకెందుకు ఫికర్?”

“నలభైవేల రాతలు చదివిన సార్ నేను.”

“చదివేతందుకే గద జీతమిస్తున్నం.”

“మరి గా రెండు లైన్లన్న…”

“మమతా,” అన్నాడు సంతోష్‌రావు, గొంతు మెత్తగా చేసి. ఆ మెత్తదనమే ఆమెకు మింగుడుపడలేదు. “ఆడపిల్లవు. గా గుద్దులాటల మీద గింత పట్టుదలేందమ్మా? పో, పని చూస్కో.”

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ పూటకు నూట యాభై రాతలు చూడాలి. ఒక్కటీ తెరవలేదు. కెనడా నుంచి ఆ సైటు తరఫున మెయిళ్ళు పంపే మేడం చిరునామా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. జవాబు రాసేది మాత్రం మేనేజర్ ఒక్కడే. మమత ఆ చిరునామా కొట్టి, రాసుకొచ్చిన పేజీ అతికించింది. ప్రోబర్ట్ ఎందుకు మొదటివాడో ఉంది. ఎనిమిదో పేరు కింద ఆ రెండు వాక్యాలు ఎందుకు ఉండాలో కూడా చేర్చింది. విన్నపాలు, మర్యాదలు అన్నీ సరిచూసుకుంటూ ఏడుసార్లు దిద్దింది.

అమిత్ పక్కనుంచి చూశాడు. “మమతా, వద్దు. మామ ఊకోడు.”

“నువ్వు పంపెటప్పుడు నన్నడిగినవా?”

“మూడుసార్లు ఫోన్ చేసిన.”

“నాలుగోసారి చెయ్యాలె,” అని బటన్ నొక్కింది.

శుక్రవారమంతా జవాబు లేదు. పదినిమిషాలకోసారి మెయిల్ తెరిచి మూసింది. శనివారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి లిస్టు సైటులో ఉంది. అమిత్ అప్పటికే చదువుతున్నాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

మొదటి పేరు డోమీ కాదు. ప్రోబర్ట్ కూడా కాదు. సైటు నడిపేవాళ్ళ ఊరి జట్టులో రెండు సీజన్లు ఆడిన పాతకాలపు మనిషి ఎవరో ఉన్నాడు. అమిత్ పట్టికలో అతనిది నలభైయ్యొకటో స్థానం. మమత లెక్కలో అసలు లేనే లేడు. ప్రోబర్ట్ రెండు, డోమీ మూడు. ఇద్దరూ కుదుర్చుకున్న మూడో పేరు ఎగిరిపోయింది.

“వీళ్ళ ఊరోడని పెట్టుకున్నరు!” అమిత్ బల్ల మీద చరిచాడు. “ఊరోడని! రాత్రంత కూసుండి అరవై మూడు మందిని లెక్క కట్టిన నేను!”

మమత మౌస్ అందుకుంది. కిందికి జరుపుతూ పోయింది. ఎనిమిదో పేరు దగ్గర ఆగింది. ఆమె రెండు వాక్యాలూ ఉన్నాయి. ఒక్క కామా కూడా మారలేదు.

లిస్టు ఎవరు రాశారో ఎక్కడా లేదు. మమత పేరు సరే, అమిత్ పేరూ లేదు. ‘మా బృందం’ అని ఉంది.

పది గంటలకల్లా కింద ఆరువందల రాతలు పడ్డాయి. వాటిని చదవాల్సింది మళ్ళీ వీళ్ళిద్దరే. మొదటి పేరు చూసి జనం నిప్పులు చెరిగారు. ఇది రాసినవాడికి హాకీ అంటే ఏమిటో తెలియదని ఒకడు. వీడు జన్మలో మంచు మొహం చూసుండడని మరొకడు. పిల్లాడిచేత రాయించారని ఇంకొకడు. ఒక్కదాంట్లోనూ బూతు లేదు, బెదిరింపు లేదు. అన్నీ ఉంచాల్సినవే. మమత ఒక్కొక్కటీ చదివి ‘ఉంచు’ నొక్కుతూ పోయింది. మొదటి పేరు నేను పెట్టలేదురా నాయనా అని అరవాలనిపించింది. అరవడానికి అక్కడ ఆమెకు నోరు లేదు.

ఎనిమిదో పేరు మీద కూడా రాశారు. సరదా లిస్టులో ఈ ఏడుపేమిటని పదిమంది దాకా విసుక్కున్నారు. ఒక మనిషి మాత్రం, తన అన్న చిన్న లీగుల్లో ఇదే ఉద్యోగం చేశాడని, ఇప్పుడు పొద్దున లేచి తన ఇంటిదారే మర్చిపోతున్నాడని, ఆ రెండు వాక్యాలు దయచేసి తీయవద్దని రాశాడు. మమత దాన్ని రెండుసార్లు చదివింది. జవాబు రాయడానికి లేదు. ‘ఉంచు’ నొక్కింది. దాని తర్వాతిది తెరిచింది.

సోమవారం సంతోష్‌రావు అద్దాల గదిలోకి పిలిచాడు. కెనడా మేడం ఆయనకు మెయిల్ పంపిందట. మీ అమ్మాయి చాలా ఉత్సాహవంతురాలు, అయితే ఇకమీదట దయచేసి మీ ద్వారానే రాయమనండి అని. ఆయన అది పైకి చదివి వినిపించాడు.

“నా పరువు తీసినవ్. నువ్వు చేసినదానికి ఇంకొకలైతే ఇంటికి పంపుదురు. నేను పంపుతలేను. ఇయాల్టి సంది నువ్వు వంటసామాన్ల సైటు చూడు. కొట్లాటలుండవ్, మనసు నిమ్మళంగ ఉంటది.”

ఆమె కుర్చీ కిటికీ పక్కకు మారింది. ఇప్పుడు ఆమె చదివేవన్నీ ప్రెషర్ కుక్కర్ల గొడవలు. మూత పట్టడం లేదు, విజిల్ రావడం లేదు, వచ్చిన విజిల్ ఆగడం లేదు. నిజంగానే కొట్లాటలు లేవు. మనసు మాత్రం నిమ్మళంగా లేదు. అన్నం ఉడకని కుక్కర్‌లా లోపల్లోపలే కాగుతోంది. అమిత్‌తో పది రోజులు మాట్లాడలేదు. అతనూ పలకరించలేదు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ ఫోన్లు చూసుకునేవాళ్ళు.

పదకొండో రోజు మధ్యాహ్నం అమిత్ వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

“జర వచ్చి ఒకటి చూస్తవా?”

“నాది కాదు గా పని.”

“ఎరుకనే. జర చూడు.”

కావ్య హెడ్‌ఫోన్ పక్కకు జరిపి ఇద్దర్నీ చూసింది. మమత లేచి వెళ్ళింది. తెర మీద నాలుగు లైన్ల రాత ఉంది. చనిపోయిన ఆటగాడి మెదడు మీద ఒక హాస్యం. ఆ మెదడును పరీక్షకు ఇచ్చేటప్పుడు అతని తల్లి ఏమనుకుని ఉంటుందోనని ఇంకో హాస్యం. బూతు లేదు. తిట్టు లేదు. చివర నవ్వుతున్న ముఖం బొమ్మ ఒకటి ఉంది.

“రూల్ల లేదు,” అన్నాడు అమిత్. “గా లిస్టు వచ్చినకాంచి ఇసువంటివి ఎక్కువైనయ్. నీ రెండు లైన్లు చూసి వస్తున్నరు.”

“తీసెయ్యి.”

“ఈ వారం ఇప్పటికే ఎక్కువైనయ్. మామ లెక్క అడుగుతుండు.”

మమత అతని వైపు తిరిగింది. “ఎక్కువైనయ్ అంటే? ఎన్ని తీసినవ్?”

“నలభైయ్యొకటి.”

మమతకు ఆ రోజు గుర్తొచ్చింది. తను ఇరవైమూడు తీసినందుకు అందరి ముందూ తిట్లు తిన్నప్పుడు, ఇతను పక్క కుర్చీలో తలవంచుకుని కూర్చున్నాడు. ఆ కోపం ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“గా రోజు ఒక్క మాటన్న అనకపోతివి నువ్వు,” అంది.

“అనలే,” అన్నాడు అమిత్. “అప్పుడు నాకు సమజ్ కాలే. నువ్వు తీస్తుంటివి గద, నా దాక వచ్చేటియి కావు.”

అద్దాల గదిలో సంతోష్‌రావు తలెత్తి ఇటే చూస్తున్నాడు. మమత వంగి మౌస్ పట్టుకుంది. నాలుగు లైన్లూ మరొక్కసారి చదివి ‘తీసేయి’ నొక్కింది. ఎందుకు తీశారో రాయమని చిన్న గడి ఒకటి తెరుచుకుంది. పదకొండు రకాల్లో ఏదీ సరిపోదు. గడి ఖాళీగా వదిలేసింది.

“అడిగితే ఏం చెప్పాలె?” అన్నాడు అమిత్.

“ఎవరు తీసిండ్రో చెప్పు. రాసియ్యమంటే రాసియ్యి. మమత, రాణి అని ఇడిసి రాయకు. మమతారాణి, ఒక్కటే పదం.”

అద్దాల తలుపు తెరుచుకుంది. మమత అటు చూడకుండా కిటికీ పక్కకు నడిచి తన కుర్చీలో కూర్చుంది. తెర మీద ఎవరో కుక్కర్ రబ్బరు మూడుసార్లు మార్చినా ఆవిరి పోతోందని రాసి, జవాబు కోసం కాచుకుని ఉన్నారు.